జాక్స్‌బరో కోటకు పిల్లలను తీసుకెళ్తున్న మనవాళ్లకు బహిరంగ లేఖ

డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల కోసం క్యాంపింగ్ ట్రిప్పులు పెడుతున్న నిర్వాహకులందరికీ,

నమస్కారం.

ఎండలు తగ్గుముఖం పట్టగానే వాట్సాప్ గ్రూపుల్లో అక్టోబర్, నవంబర్ క్యాంపింగ్ కబుర్లు మొదలవుతాయి. ఎవరు టెంట్ తెస్తారు, ఎవరు స్టవ్ తెస్తారు, ఇడ్లీ పిండి ఎవరి వంతు అని జాబితాలు తిరుగుతాయి. ఆ కబుర్లలో ఈమధ్య ఫోర్ట్ రిచర్డ్‌సన్ స్టేట్ పార్కు పేరు తరచుగా వినిపిస్తోంది. నాకు చాలా సంతోషం. ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో ఉన్నవాళ్లు 380 ఎక్కి పడమటికి తిరిగితే చాలు, డెంటన్, డెకటూర్, బ్రిడ్జ్‌పోర్ట్ దాటి అదే రోడ్డు జాక్స్‌బరోలో దింపుతుంది. ఫోర్ట్‌వర్త్ నుంచైతే 60 మైళ్లు. చంటిపిల్లలతో వెళ్లడానికి ఇంతకంటే వీలైన చోటు దొరకదు.

మీరు చేస్తున్నది ఎంత పనో నాకు తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ, నెలల ముందే సైట్లు బుక్ చేసి, ఆఖరి నిమిషంలో రాలేమన్నవాళ్ల డబ్బులు మీ జేబులోంచి కట్టుకుని, అందరికంటే ముందు వెళ్లి అందరికంటే చివర బయల్దేరతారు. మీ శ్రమ మీద గౌరవం ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. శనివారం పొద్దున్న రెండు గంటలు ఆ కోటకు ఇవ్వండి. పిల్లల్ని వెంటబెట్టుకుని, ఒక్కో భవనం దగ్గరా ఆగి, అక్కడ ఏం జరిగిందో రెండు వైపుల నుంచీ చెప్పండి.

ఇప్పుడు జరుగుతున్నది నేను కళ్లారా చూస్తున్నాను. శుక్రవారం రాత్రి చేరతాం. శనివారం టిఫిన్లు, క్రికెట్, చేపలు పట్టడం, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం అంత్యాక్షరి. ఆదివారం సర్దుకుని వచ్చేస్తాం. కోట దగ్గర పది నిమిషాలు ఆగి, గ్రూపు ఫొటో ఒకటి దిగి, 'ఇంతేనా?' అనుకుంటూ కార్లెక్కుతాం.

ఆ 'ఇంతేనా?' ఎందుకు వస్తుందో నాకు అర్థమవుతుంది. కోట అనగానే మన కళ్లముందు గోల్కొండ మెదులుతుంది, గండికోట మెదులుతుంది. బురుజులు, కందకం, ఏనుగులు గుద్దినా పగలని తలుపులు. జాక్స్‌బరోలో గోడే లేదు. ఎప్పుడూ లేదు. టెక్సస్ సరిహద్దులో, అంటే వలసవచ్చిన తెల్లవాళ్ల ఊళ్లు అంతమయ్యే చోట, అమెరికా సైన్యం కట్టిన కోటలు చాలావరకు ఇంతే. మధ్యలో కవాతు మైదానం, చుట్టూ విడివిడిగా భవనాలు. గుర్రాల మీద మెరుపులా వచ్చి పోయే ఆదివాసీ తెగలు కయోవాలు, కమాంచీలు ఫిరంగులు తెచ్చి ముట్టడి వేసే శత్రువులు కారు. అలాంటప్పుడు గోడ దేనికి? కోట అంటే ఇక్కడ రాతి కట్టడం కంటే ముందు ఒక కాపలా గీత. 1867లో మొదలైన ఫోర్ట్ రిచర్డ్‌సన్ ఆ గీతకు ఉత్తరపు కొస. దక్షిణానికి పోతే ఆల్బనీ దగ్గర ఫోర్ట్ గ్రిఫిన్, శాన్ ఏంజెలోలో ఫోర్ట్ కాంచో. మనలో సగం మంది జీతాలు తీసుకుంటున్న ఫోర్ట్‌వర్త్ కూడా 1849లో ఇలాంటి సైనిక స్థావరంగానే పుట్టింది. సరిహద్దు పడమటికి జరిగిపోతే కోటలూ దానితోపాటు జరిగాయి.

ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే పిల్లలు గోడల కోసం వెతకరు. భవనాలను చూస్తారు. ఏడు అసలు కట్టడాలు ఇంకా నిలబడి ఉన్నాయి. స్థానికంగా దొరికిన ఇసుకరాయితో కట్టిన ఆసుపత్రి, దాని వెనకాల శవాల గది, మందుగుండు కొట్టు, సరుకుల గిడ్డంగి, బందీలను పెట్టే గార్డ్‌హౌస్, అధికారుల చెక్క ఇల్లు, రోజుకు 600 రొట్టెలు కాల్చిన బేకరీ. ఆ బేకరీ దగ్గర పిల్లల్ని ఆపి, ఒక మనిషికి రోజుకు ఒక రొట్టె అనుకుంటే ఇక్కడ ఎంతమంది ఉండేవారో లెక్కవేయమనండి. 1872లో అమెరికా సైనిక స్థావరాలన్నిటిలోకీ ఎక్కువ మంది ఉన్నది ఇక్కడేనని చెబితే నమ్మలేనట్టు చూస్తారు. ఇప్పుడక్కడ గడ్డి, గాలి, మన కార్లు.

వాళ్లెవరో కూడా చెప్పాలి. సరిహద్దు సైన్యంలో పెద్ద భాగం ఐర్లాండ్ నుంచీ జర్మనీ నుంచీ ఓడలెక్కి వచ్చిన పేదవాళ్లు. 1871లో సిపాయి జీతాన్ని నెలకు 16 డాలర్ల నుంచి 13కు కోసేశారు. ఆ ఏడాది సైన్యం వదిలి పారిపోయినవాళ్లు కుప్పలు తెప్పలు. కొత్త దేశానికి వచ్చి, భాష సరిగా రాక, దొరికిన పనిలో చేరి, తమకేమీ పగలేని మనుషుల మీదికి తుపాకీ పట్టుకుని వెళ్లిన కుర్రాళ్లు వాళ్లు. మన పిల్లలకు ఈ కథ పరాయిగా అనిపించదని నా నమ్మకం. అమ్మానాన్నలు ఎలా వచ్చారో వింటూ పెరిగిన పిల్లలు కదా.

ఇక ఆ ఆసుపత్రి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడమని ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఈ కోట కథంతా అక్కడే ముడిపడి ఉంది.

1871 మేలో సైన్యాధిపతి జనరల్ షెర్మన్ సరిహద్దు చూడటానికి వచ్చాడు. దాడుల గురించి టెక్సస్ జనం చేస్తున్న ఫిర్యాదుల్లో అతిశయోక్తి ఉందని ఆయన అనుమానం. జాక్స్‌బరోకు పడమట సాల్ట్ క్రీక్ మైదానంలో పొంచి ఉన్న కయోవా యోధులు ఆయన చిన్న బృందాన్ని చూశారు, చూసి కూడా వదిలేశారు. వాళ్లతో వచ్చిన మామాంటి అనే మంత్రగాడు, మొదట వచ్చే గుంపును పోనిచ్చి రెండోదాన్ని పట్టండని చెప్పాడట. ఆ రెండో గుంపు హెన్రీ వారెన్ అనే కాంట్రాక్టరు మొక్కజొన్న బండ్లు. మే 18న జరిగిన ఆ దాడిలో 12 మంది బండివాళ్లలో 7గురు చనిపోయారు. గాయపడ్డ ఒకడు కాలినడకన ఈ కోటకు చేరుకున్నాడు. ఆసుపత్రి మంచం మీద అతను చెప్పింది షెర్మన్ స్వయంగా విన్నాడు. తను కొద్ది గంటల తేడాతో బతికి బయటపడ్డానని అప్పుడు తెలిసింది. ఆ క్షణం నుంచి సైన్యం తీరు మారింది. రిజర్వేషన్ (ఆదివాసీలకు ప్రభుత్వం కేటాయించిన నేల) సరిహద్దు దగ్గర ఆగే రోజులు పోయి, వెంటాడే రోజులు వచ్చాయి.

షెర్మన్ ఉత్తరాన, ఇప్పటి ఓక్లహోమాలో ఉన్న ఫోర్ట్ సిల్‌కు వెళ్లాడు. అక్కడ రేషన్ కోసం వచ్చిన కయోవా నాయకుడు సటాంటా, ఆ దాడి తానే నడిపించానని కయోవాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంటు లారీ టేటం ముందు దాపరికం లేకుండా చెప్పాడు. సటాంటాను, ముసలి సటాంక్‌ను, కుర్రవాడైన బిగ్ ట్రీని పట్టుకున్నారు. బండిలో టెక్సస్‌కు తీసుకువస్తుంటే సటాంక్ తన చావుపాట పాడుకున్నాడు. సంకెళ్లలోంచి చేతులు లాక్కుని కాపలావాడి మీద కత్తి దూశాడు. అక్కడికక్కడే కాల్చేశారు. జూన్ 8, ఫోర్ట్ సిల్ దాటి ఎంతో దూరం కూడా రాలేదు. మిగిలిన ఇద్దరిని ఈ కోటకు తెచ్చి, జూలైలో జాక్స్‌బరో కోర్టులో నిలబెట్టారు. ఆదివాసీ నాయకులను ఒక రాష్ట్ర కోర్టులో విచారించడం అదే మొదటిసారి. జడ్జి చార్లెస్ సోవార్డ్. ప్రభుత్వం తరఫున వాదించిన కుర్ర లాయరు శామ్యూల్ లానమ్, తర్వాత టెక్సస్ గవర్నర్ అయ్యాడు. జ్యూరీలో కూర్చున్నది ఆ సరిహద్దులో ఉంటున్నవాళ్లే, ఆ దాడులకు భయపడి బతుకుతున్నవాళ్లే. ఉరిశిక్ష వేశారు. టేటం క్వేకరు, హింసను ఒప్పుకోని క్రైస్తవ శాఖవాడు. ఉరి వద్దన్నాడు. శిక్ష వేసిన సోవార్డే తగ్గించమని గవర్నర్ డేవిస్‌కు రాశాడు. యావజ్జీవంగా మార్చారు.

1873లో ఇద్దరినీ పెరోల్ మీద వదిలారు. మరుసటి ఏడు యుద్ధం మళ్లీ రాజుకుంది. మాట తప్పాడని సటాంటాను తిరిగి హంట్స్‌విల్ జైలుకు పంపారు. 1878లో ఆ జైలు ఆసుపత్రి పైఅంతస్తు కిటికీ లోంచి దూకి చనిపోయాడు. అదే 1878లో ఈ కోటను కూడా సైన్యం ఖాళీ చేసింది. ఎవరి మీద కాపలా కాయాలో వాళ్లే ఇక అక్కడ మిగల్లేదు. ఈ కోట నుంచి 4వ అశ్వికదళాన్ని నడిపించిన మెకెంజీ 1874లో పాలో డ్యూరో లోయలో శత్రువులను చంపిన దానికంటే వాళ్ల గుర్రాలను చంపి గెలిచాడు. వెయ్యికి పైగా గుర్రాలు. అడవిదున్నలను అప్పటికే తోళ్ల కోసం తుడిచిపెట్టేస్తున్నారు. కాలినడకన, ఆకలితో, ఆ జనం రిజర్వేషన్‌కు చేరారు.

1963లో ఈ కోటను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. సటాంటా ఎముకలను హంట్స్‌విల్ నుంచి ఫోర్ట్ సిల్‌కు తరలించి తనవాళ్ల మధ్య పూడ్చింది కూడా ఆ ఏడాదే. బిగ్ ట్రీ 1929 దాకా బతికాడు, చర్చిలో ఒక పెద్దమనిషిగా.

ఇంత కథ పిల్లలకు ఎందుకని అడిగినవాళ్లున్నారు. హింస వివరాలు అక్కర్లేదు. కానీ బండివాళ్లు బీదవాళ్లని, కూలికి వచ్చి చచ్చిపోయారని చెప్పాలి. కయోవాలు తమ నేల మీద తిండి కరువై ఉన్నారని, అమెరికా ప్రభుత్వం వాళ్లతో చేసుకున్న 1867 ఒప్పందంలో ఇస్తామన్నది సరిగా అందలేదని కూడా చెప్పాలి. అల్లూరిని 1924లో విచారణ అన్నదే లేకుండా కాల్చేశారని చదువుకున్నవాళ్లం మనం. ఆ రెండు కథలూ ఒకటేనని అనను. అయినా కొండల్లోకి, మైదానాల్లోకి సైన్యం ఎందుకు వస్తుందో, ఎవరి కోసం వస్తుందో అడగడం మనకు కొత్త కాదు. ఆ ప్రశ్న పిల్లల చేత అడిగిస్తే చాలు. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

ఇక మనసుకు కష్టం కలిగించిన రెండు సంగతులు చెప్పాలి. పేర్లు చెప్పను.

ఒక బృందం పిల్లలకు కాగితపు ఈకల కిరీటాలు తగిలించి, కొందరు సైనికులు, కొందరు 'ఇండియన్స్' అని జట్లు చేసి, కవాతు మైదానంలో ఆట పెట్టింది. పెద్దవాళ్లు నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ కేకలు వేసి చూపించారు. ఓక్లహోమాలో కయోవాలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు మన పిల్లల్లాగే బడికి వెళ్తారు. ఎవరి ముత్తాతను సంకెళ్లతో తెచ్చిన చోటో, అక్కడే వాళ్ల వేషం కట్టి గెంతడం తగునా? మన దేవుళ్ల బొమ్మలు చెప్పుల మీద వేస్తే మనం రాసే ఈమెయిళ్లు గుర్తు తెచ్చుకోండి.

రెండోది ట్రెజర్ హంట్. చిన్న చిన్న ప్లాస్టిక్ నాణేలు కోట చుట్టూ గడ్డిలో దాచారు. పిల్లలు గరిటెలు, చెంచాలు పట్టుకుని మట్టి తవ్వారు. ఎనిమిదేళ్ల పాప ఒకతె కూలిన భవనం పునాది పక్కన తుప్పుపట్టిన మేకు ఒకటి తీసింది. గుండ్రంగా లేదు, పలకలుగా ఉంది, తల సగం విరిగింది. చేతిలో పెట్టుకుని అలాగే చూస్తోంది. వాళ్ల బాబాయి ఫొటో తీసి, మేకును బ్యాగు జిప్పులో వేసుకున్నాడు. స్టేట్ పార్కులో నేల తవ్వడం, అలాంటిది ఏదైనా ఇంటికి పట్టుకెళ్లడం చట్టరీత్యా నేరం. మెటల్ డిటెక్టర్లకు కూడా అనుమతి లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మేకు ఏ గోడ పక్కన, ఎంత లోతులో ఉందన్నదే దాని కథ. బ్యాగులోకి వెళ్లాక అది ఉత్త ఇనుప ముక్క. ఎవరికైనా ఏదైనా దొరికితే కదపకుండా రేంజర్‌ను పిలవాలని బయల్దేరే ముందే పిల్లలకు చెప్పండి. ఆ పాప కళ్లలో కనిపించిన ఆశ్చర్యానికి అంతకంటే మంచి బహుమానం ఉండేది.

క్యాంపు మర్యాదల గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసినవే. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒక సైటుకు ఎనిమిది మందికి మించి ఉండకూడదు. నాలుగు సైట్లు తీసుకుని యాభై మందిమి దిగితే పక్కవాళ్లకే కాదు, మన పిల్లలకూ క్యాంపింగ్ అంటే పెళ్లి విడిదిలాగే ఉంటుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. పగలైనా స్పీకర్ల శబ్దం మన సైటు దాటకూడదు. అంత్యాక్షరికి స్పీకరు అక్కర్లేదు, గొంతులు చాలు. ఎండు పుల్లలు ఏరి మంట వేయకూడదు, కట్టెలు అక్కడే కొనుక్కోవాలి. కౌంటీలో మంటల నిషేధం ఉందేమో బయల్దేరే ముందు కనుక్కోవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి, అది కుళాయి సంగతి. మన సైట్ల దగ్గర కుళాయి కింద ఎప్పుడూ అన్నం మెతుకులు, కరివేపాకు, పులిహోరలో వేరుశనగపప్పు. తెల్లారేసరికి అక్కడ ఫైర్ యాంట్స్ పుట్ట. తర్వాత వచ్చే కుటుంబంలో పాకే పిల్ల ఉంటే? గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ ముద్ద చెత్తసంచిలో వేసి, కడగడం ఇంటికొచ్చాక చేసుకుందాం. పెద్ద దేగిసాలు తేవడం మానేసి, వండిన పులిహోర, దద్దోజనం, చపాతీలు తెచ్చుకుంటే వంటకు పట్టే మూడు గంటలు మిగులుతాయి. నేను కోటకు అడుగుతున్న రెండు గంటలు అందులోంచే తీయొచ్చు. వంట దగ్గర చిక్కుకుపోయే ఆడవాళ్లకూ ఆ పొద్దున్న దక్కుతుంది.

మిగతా పార్కు తనను తానే చూపించుకుంటుంది. లాస్ట్ క్రీక్ వెంబడి పికాన్ చెట్ల నీడలో చిన్న కాలిబాట ఉంది, అమ్మమ్మలు కూడా మెల్లగా నడవగలరు. సైకిళ్లున్న పెద్దపిల్లలకు లాస్ట్ క్రీక్ రిజర్వాయర్ ట్రెయిల్ దాదాపు తొమ్మిది మైళ్లు సాగుతుంది, మంచినీళ్లు బాగా పట్టుకెళ్లండి. స్టేట్ పార్కులో ఒడ్డు మీద కూర్చుని చేపలు పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. గడ్డిలో పాయిజన్ ఐవీ, టిక్స్, అప్పుడప్పుడు కాపర్‌హెడ్ పాములు ఉంటాయి. పొడవు ప్యాంట్లు, బూట్లు వేయించండి. ఆఫీసులో జూనియర్ రేంజర్ కార్యక్రమం గురించి అడగండి. జాక్స్‌బరో ఊళ్లో ఒక పూట భోజనం చేయండి. 2022 మార్చిలో టోర్నడో బడుల కప్పులు లేపేసిన ఊరు అది. వారాంతం అతిథులు పెట్టే పది రూకలు వాళ్లకు లెక్కే.

ఈ అక్టోబర్ ట్రిప్పుకు ఫారం తయారుచేసేటప్పుడు, శాకాహారమా మాంసాహారమా అన్న ప్రశ్న కింద ఇంకో గడి చేర్చండి: 'శనివారం తొమ్మిదింటికి కోట నడకకు ఎంతమంది వస్తున్నారు?' వచ్చేవాళ్ల సంఖ్య తెలిస్తే పార్కు ఆఫీసుకు ముందుగా ఫోన్ చేసి, రేంజర్ ఎవరైనా వెంట ఉండి చూపించగలరేమో అడగొచ్చు. వాళ్లకు వీలుకాకపోతే హైస్కూలు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో భవనం పంచండి. చదువుకుని వచ్చి చిన్నవాళ్లకు వాళ్లే చెబుతారు, తెలుగులో సగం, ఇంగ్లీషులో సగం. ఆసుపత్రి మాత్రం పెద్దవాళ్లెవరైనా తీసుకోండి.

వచ్చే వసంతంలో ఇంకో ట్రిప్పు పెట్టే ఉద్దేశం ఉంటే, జాక్స్‌బరో మీదుగా పోయే 281 రోడ్డు మీద ఉత్తరానికి, విచిటా ఫాల్స్ దాటి లాటన్ వెళ్లండి. ఫోర్ట్ సిల్ అక్కడే ఉంది, సటాంటా సమాధి కూడా. అది ఇప్పటికీ సైన్యం చేతుల్లో ఉంది, లోపలికి వెళ్లడానికి పెద్దవాళ్లందరి గుర్తింపు పత్రాలు కావాలి. పక్కనే విచిటా కొండల అభయారణ్యంలో 1907లో న్యూయార్క్ జూ నుంచి రైల్లో తెచ్చిన 15 దున్నల సంతతి ఇప్పుడు మందలుగా మేస్తోంది. అక్కడ కూడా క్యాంపింగ్ ఉంది, సైట్లు త్వరగా అయిపోతాయి, ఇప్పుడే చూసుకోండి.

ఇట్లు,
ఉత్తర టెక్సస్‌లో ఉంటూ మీతోపాటు క్యాంపులకు వచ్చే ఒక తెలుగువాడు